ఎంటర్ మీద కండె

ఇవాళ మధ్యాహ్నం, వలసొచ్చి స్థిరపడ్డ డిండోలిలోని మా ఇంట్లో, పక్కగదిలో తన చంటిది గుక్కపట్టి ఏడుస్తున్నా లేవకుండా, తాను సీట్లోనే ఉన్నట్టు కంపెనీకి చూపించే ఆకుపచ్చ చుక్క ఆరిపోతుందని మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మౌస్‌ను అటూ ఇటూ జరుపుతుంటే, నాకు మా వదిన గుర్తొచ్చింది.

మన రోజుల్లో కంప్యూటర్ ఆఫీసులు చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది, పెద్ద యంత్రం ఒకటే ఉండేది, మిగతావన్నీ దానికి తగిలించిన తెరలే. రింగ్ రోడ్డులో మేం పనిచేసిన చీరల దుకాణంలోనూ అలాంటి లినక్స్ యంత్రమే ఉండేది. దాన్ని నేను చూసుకునేదాన్ని, మా అన్న భార్య గోడకవతల గదిలో కూర్చుని సరుకు వివరాలు ఎక్కించేది. నల్ల తెర మీద డబ్ల్యూ అని ఒక్క అక్షరం కొడితే చాలు, లోపల ఎవరెవరున్నారో, ఎవరు ఎన్ని నిమిషాలుగా మీట ముట్టలేదో, పైవరుసలో యంత్రం మీద భారం ఎంతో, అన్నీ వచ్చేవి. గంటకోసారి ఆ పట్టీ తీసి దుకాణం యజమాని సేఠ్‌కు చూపించాలి. అందరినీ కనిపెట్టేదాన్నని మొదట్లో కాస్త గీర కూడా ఉండేది నాకు. ఆ పట్టీలో నా పేరూ ఉందని, కుర్చీ వదిలి నేనూ కదలలేనని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

వదినకు అప్పుడు మూడు నెలల పాప. పాలివ్వడానికి మధ్యాహ్నం ఆటోలో ఇంటికి పరుగెత్తేది, వెళ్తూ వెళ్తూ అన్న తాను నడిపే సాంచాల, అంటే మరమగ్గాల, దగ్గర నుంచి తెచ్చిన నూలు కండె ఒకటి స్పేస్‌బార్ మీద ఆనించేది. పట్టీలో ఆమె క్షణం తీరిక లేకుండా పనిచేస్తున్నట్టే కనిపించేది. నాకు తెలిసీ ఊరుకునేదాన్ని. ఆ ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఒకరోజు పాపకు జ్వరమని కబురొస్తే, ఆ కంగారులో కండెను ఎంటర్ మీద పెట్టి వెళ్లిపోయింది. ఎంటర్ పడుతూనే ఉండడంతో యంత్రం గోదాములోని సరుకంతా మళ్లీ మళ్లీ వెతకడం మొదలుపెట్టింది, భారం అంకె ఒకటి నుంచి తొమ్మిదికి ఎక్కింది, కింద బిల్లులు ఆగిపోయాయి. సేఠ్ వచ్చి నా వెనక నిలబడి, ఎవరివల్లో చూడమన్నాడు. ఏదో సాకు చెప్పి గోడకవతలికి వెళ్లి కండె తీసేస్తే సరిపోయేది. భయంతో నేను కుర్చీలోంచి లేవలేదు. వేళ్లు మాత్రం అలవాటుగా ఆ అక్షరం కొట్టేశాయి, వదిన పేరు వచ్చింది, సేఠ్ వెళ్లి ఖాళీ కుర్చీని చూశాడు.

సాయంత్రం వదిన పాపను ఒళ్లో వేసుకుని, "నువ్వు మాత్రం ఏం జేస్తవ్ పిల్లా, నిన్ను గూడ గా కుర్చీకే కట్టేసిండ్రు" అంది. తిట్టినా బాగుండేది. ఆమె ఉద్యోగం పోయింది, నేనేమో ఇంకో పదకొండేళ్లు అదే కుర్చీలో అదే పట్టీ తీస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు పట్టీ తీసే మనిషే లేదట, అంతా యంత్రమే చూసుకుంటుందట. ఆ రోజుల్లో, పిరికిదైతేనేం, చూసీ చూడనట్టు ఊరుకోవడానికి గోడకవతల ఒక మనిషైనా ఉండేది. లేచి అమ్మాయి చేతిలోంచి మౌస్ తీసుకున్నాను, పోయి పిల్లను ఎత్తుకోమన్నాను. ఏడుపు ఆగేదాకా మౌస్‌ను జరుపుతూనే కూర్చున్నాను. వదినకు ఈపాటి సాయమైనా చేయలేకపోయాను.