వడ్లు తిరగేసే కాలు

వెంకటనర్సమ్మకు కొత్త మోకాలు పెట్టి ఇరవై రెండు రోజులైంది. ఆ ఇరవై రెండు రోజుల్లో ఆమె దాన్ని ఇరవై రెండు సార్లు కూడా వంచి ఉండదు.

డాక్టరు రమ్మన్న రోజు ఆటో ఎక్కితే, కాలు సీటు మీద బారజాపి కూర్చోవలసి వచ్చింది. ఆరుగురు పట్టే ఆటోలో ఆమే, ఆమె కాలే సరిపోయారు. కోడలు మానస ఒక మూలకు ఒదిగింది. తోడుగా వచ్చిన కాటమ్మ డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడింది. కాటమ్మ, వెంకటనర్సమ్మ ఇద్దరూ సూర్యాపేట మార్కెట్‌లో చాటకూలీలు. రైతులు పోసిన వడ్ల రాశులను చెరిగి, తాలు తీసి, ఊడ్చి పోగేయడం వాళ్ల పని.

"అక్కా, నీ కాలుకు వేరే కిరాయి అడుగుతడేమో సూడు" అంది కాటమ్మ.

"అడిగితే నువ్వు దిగి నడిచిరా. నీ సీటు దానికిస్త."

దవాఖానలో డాక్టరు ఆమెను బల్ల అంచున కూర్చోబెట్టి, కాలు వెనక్కి లాగమన్నాడు. మోకాలి పక్కన రెండు రెక్కల ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూసి ముఖం చిట్లించాడు.

"యాభై డిగ్రీలు కూడా లేదమ్మా. ఈపాటికి ఎనభై దాటాలి. ఇంట్లో వ్యాయామాలు చేస్తలేవా?"

"చేస్తున్న సార్."

మానస నేల చూపులు చూసింది.

"ఇంకో మూడు వారాలు చూస్తా. తొంభై రాకపోతే మత్తిచ్చి నేనే వంచాల్సొస్తది. తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి."

మళ్లీ మొదటి నుంచి అంటే దీపావళి దాటిపోతుంది. దీపావళికి ముందే వానాకాలం వడ్లు మార్కెట్‌కు వస్తాయి. మూడో షెడ్డులో ముప్పై రెండేళ్లుగా ఆమె నిలబడే చోటు కోసం ఇప్పటికే ఒక కొత్తామె అడుగుతోందని, దీపావళి దాకా ఆగమని చెప్పానని కాటమ్మ వచ్చేటప్పుడే చెప్పింది.

ఆ దవాఖానలో ఫిజియోథెరపీ చేసే మౌనికది కోదాడ పక్కన అనంతగిరి అవతల ఉన్న తండా. సూర్యాపేటలో గది అద్దెకు తీసుకుని ఉంటుంది. రోజు విడిచి రోజు సాయంత్రం స్కూటీ మీద వెంకటనర్సమ్మ ఇంటికి రావడానికి ఒప్పుకుంది. మొదటి రోజు రాగానే ఆమె చేసిన పని, మోకాలి కింద మానస ప్రేమగా పెట్టిన దిండు తీసి అవతల పెట్టడం.

"ఇది సుఖంగా ఉంటది కానీ, కాలు ఇట్లనే వంకరగా ఆగిపోతది. వంచడమూ రావాలి, చాపడమూ రావాలి."

మంచం మీద పడుకోబెట్టి, మడమను పక్క మీదనే ఆనించి పిరుదు వైపుకు జరపమంది. వెంకటనర్సమ్మ జరిపింది. ఒకటి, రెండు, మూడు అని తనే లెక్క కూడా పెట్టింది.

"అమ్మా, నడుము లేచింది, మోకాలు వంగలేదు. నేను తండా నుంచి వచ్చాను గానీ కళ్లు అక్కడ పెట్టి రాలేదు."

"నువ్వు శాన హుషారున్నవ్ బిడ్డా."

రెండో రోజూ అదే ఆట. మూడో రోజు మౌనిక కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. "నొప్పికా, భయానికా? ఏదో ఒకటి చెప్పు. నొప్పికైతే మందు ఉంది."

వెంకటనర్సమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"పదిహేనేండ్లు వస్తదన్నడు డాక్టరు. ఇప్పుడే వంచి వంచి అరగదీస్తే, రేపటికి ఏం మిగుల్తది?"

మౌనిక నవ్వలేదు. ఆమె చుట్టూ చూసింది. దూలానికి ఒక కొత్త వెదురు చాట వేలాడుతోంది. దాని కింద నాలుగు చోట్ల అతుకులు వేసిన పాత చాట ఉంది. గూట్లో స్టీలు పళ్లేనికి అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆ ఇంట్లో కొత్తదేదైనా ముందు దాచుకునేదే. ఇప్పుడు మోకాలు కూడా వాటిలో చేరింది.

మౌనిక ఆమె చెయ్యి పట్టుకుని, మోకాలి పైన తొడ మీద పెట్టింది. "ఇక్కడ నొక్కు. ఇప్పుడు ఆ కాలు మీద నొక్కు. తేడా తెలుస్తుందా?"

"ఇది బండ లెక్కుంది."

"లోపల పెట్టింది మంచిగనే ఉంది. దానికేం కాదు, వంచినంత మాత్రాన అది అరగదు. చుట్టూ ఉన్న కండ అతుక్కుపోతుంది. ఇంకో నెల ఇట్లా దాస్తే అది నీ మాట వినదు, నా మాటా వినదు."

"గీ ముచ్చట మొదలే జెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

ఆ రాత్రి ఆమె ఏం ఆలోచించిందో గాని, పొద్దున్నే మానసను పిలిచి, తిండికి దాచిన వడ్ల సంచి ఒకటి విప్పమంది. వరండాలో పాత పట్టా పరిచి వడ్లు పలుచగా పోయించింది. వాటి అంచున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గాయానికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. ఆపరేషన్ చేసిన కాలును వడ్లలోకి చాపి, మడమతో నెమ్మదిగా తన వైపుకు లాగింది. వడ్లలో నాగలి గీసినట్టు జానెడు పొడవు చాలు పడింది.

ఆ పని ఆమెకు పదిహేనేళ్లప్పుడే వచ్చు. మిర్యాలగూడ దగ్గరి పల్లె ఆమెది. పెళ్లికాక ముందు ఉప్పుడు బియ్యం మిల్లుకు కూలికి పోయేది. ఉడికిన వడ్లను పొగలు కక్కుతుండగానే సిమెంటు కల్లంలో పోసేవాళ్లు. ఆడవాళ్లు వరుసగా నిలబడి, పాదాలు లేపకుండా ఈడ్చుకుంటూ నడిచేవాళ్లు. ఒక్కొక్కరి రెండు కాళ్ల కింద రెండు చాళ్లు పడేవి. అరగంటకోసారి మళ్లీ అడ్డంగా నడిచి అవి తిరగేయాలి. ఆలస్యమైతే పైన ఎండి, కింద పచ్చిగా ఉండి, మిల్లులో బియ్యం నూక అవుతుంది. అరికాళ్లు కాలి నల్లబడ్డా, ఆ కల్లంలో వెంకటనర్సమ్మ చాలు వంకర పోయిందని మేస్త్రీ ఎన్నడూ అనలేదు. సూర్యాపేట హమాలీ కోటయ్యను చేసుకుని ఇక్కడికి వచ్చాక చాట పట్టింది. మోకాలు అరిగిన నాలుగేళ్లూ బస్తాల వరుసకు ఒరిగి, బరువంతా ఒక కాలి మీదే వేసి చెరిగింది తప్ప, ఏ రైతు రాశినీ సగంలో వదిలి ఇంటికి పోలేదు.

మంచం మీద పది లెక్కపెట్టడానికి మొరాయించిన మనిషి, వడ్లు ముందుంటే ఆగలేదు. గోడ మీద నీడ చూసుకుంటూ, మిల్లులో మాదిరిగా అరగంటకోసారి వచ్చి కూర్చుంది. మోకాలి చుట్టూ తాడు బిగించి ఎవరో రెండు వైపులా గుంజినట్టు ఉండేది. ఆమె అరవలేదు. వరుసలో వెనకబడ్డ పిల్లను గదమాయించినట్టు కాలునే తిట్టేది.

"నడువే! నీ ఎనకోళ్లు ఆగిన్రు."

సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత అయింది. మౌనిక వచ్చి చూసి తల పట్టుకుంది.

"ఎన్నిసార్లు చేశావు?"

"పంతొమ్మిది. ఉడకబెట్టిన వడ్లను మిల్లుల గిట్లనే అరగంటకోసారి తిరగేసేటోళ్లం."

"మీ మిల్లులో వడ్లు ఉడకబెట్టి ఎండేసేవాళ్లు. నువ్వు కాలును ఎండేసి ఉడకబెడుతున్నావు!"

ఐసు పెట్టించి, కొత్త నియమం పెట్టింది. గంటకొకసారి, పది చాళ్లు, తర్వాత ఐసు. కుర్చీ ముందు కాళ్ల దగ్గర పట్టా మీద సుద్దతో గీత గీసి, చాలు ఇవతలి కొన దాన్ని తాకితే తొంభై దాటినట్టేనని లెక్క చూసి చెప్పింది. వెళ్తూ వెళ్తూ వడ్ల వైపు ఇంకోసారి చూసింది. మూడేళ్ల ఉద్యోగంలో ఎంతోమందికి మడమ జరపమని చెప్పింది. పని వేళలు పెట్టుకుని చేసేవాళ్లను ఇప్పుడే చూస్తోంది.

కాటమ్మ ఒకనాడు మార్కెట్ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఇంట్లనే యార్డు పెట్టినవా? మరి లైసెన్సేదీ?"

"నీ నోటికి లేదు గదనే, నా యార్డుకు ఎందుకు?"

"గా కొత్తామె మళ్లొచ్చింది. పండుగ దాటనీ అన్న. ఇగ నీ ఇష్టం."

చాలు రోజుకు వేలెడు, అరవేలెడు పెరిగింది. రెండో వారం మధ్యలో, గీతకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, ఐదు రోజులు. అదే చోటు. ఆరో రోజు కాలు లాగి చూస్తే, కొన గీతను తాకి ఉంది. వెంకటనర్సమ్మ వంగి వడ్లను చూసింది. అటు కొనను చూసింది, ఇటు కొనను చూసింది.

"మానసా!"

"ఆఁ అత్తమ్మా?"

"కుర్సీ ఎవలు జరిపిన్రు?"

మానస కొంగు నలుపుతూ నిలబడింది. "మీరు రోజూ ముఖం మాడ్చుకుంటున్నరని... జరంత సంతోషపడతరని..."

"నిన్నటి చాలు ఎంతుందో ఇయ్యాల గూడ గంతే ఉంది. ముప్పై ఏండ్లు వడ్లు సూసిన కండ్లు, నాకు తెల్వదా? మొదలున్న జాగలనే పెట్టు."

మానస కుర్చీని మళ్లీ పాత చోటికి జరిపింది. నాలుగు వేళ్లు మళ్లీ నాలుగు వేళ్లే అయ్యాయి. మౌనిక ఆ సాయంత్రం వచ్చాక కొత్త కిటుకు ఒకటి నేర్పింది. బాగున్న కాలును ఆపరేషన్ కాలి చీలమండ మీద వేసి, దానితోనే దీన్ని వెనక్కి నెట్టాలి. నెట్టి, ఇరవై అంకెలు ఆగాలి. మొదటిసారి వెంకటనర్సమ్మ కళ్లలో నీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు, ఇరవై దాకా లెక్క పెట్టింది. ఈసారి నడుము లేవలేదు.

మూడు వారాలు నిండిన రోజు డాక్టరు ముందు అదే బల్ల అంచున కూర్చుంది. మౌనిక స్కేలు పట్టుకుంది. మానస తలుపు దగ్గర, కాటమ్మ మానస భుజం వెనక. కాలు వెనక్కి వెళ్లింది, ఆగింది.

"ఎనభై ఆరు" అంది మౌనిక.

డాక్టరు కాగితం మీద కలం పెట్టాడు. "దగ్గరికొచ్చింది గానీ..."

"ఆగు సార్. రాయకు." వెంకటనర్సమ్మ ఎడమ కాలు ఎత్తి కుడి చీలమండ మీద వేసింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "స్కేలు తియ్యకు బిడ్డా."

ఆమె మెడ నరాలు తేలాయి. పెదవులు కదిలాయి. తలుపు దగ్గర మానసకు మాత్రం తెలుసు, ఆ పెదవులు దేవుణ్ణి తలుచుకోవడం లేదు. వెనకబడ్డ పిల్లను తిడుతున్నాయి.

"ఎనభై తొమ్మిది" అంది మౌనిక. "తొంభై. తొంభై మూడు."

ఆగింది. ఇరవై దాకా అక్కడే పట్టుకుంది. డాక్టరు కలం పక్కన పెట్టి, వచ్చి తన కళ్లతో చూశాడు.

"మత్తు అవసరం లేదు" అన్నాడు. "ఇట్లనే చెయ్యి, నూట పది దాకా వస్తది. కానీ కింద గొంతుకూర్చోవద్దు, ఎప్పటికీ."

"చాట నిలవడే చెరుగుత సార్."

"ఊడ్చి ఎత్తేది?"

ఆమె తల తిప్పి తలుపు వైపు చూసింది. కాటమ్మ అప్పటికే మొహం పక్కకు తిప్పుకుంది. "సూస్తవేందక్కా, నేనేగా ఎత్తేది. ఏనాడన్న కూసొని తిన్ననా నీ దగ్గర?"

బయటకు వచ్చాక మానస ఖాళీ ఆటో కోసం చూసింది. వెంకటనర్సమ్మ ఆగలేదు. అప్పటికే ఇద్దరున్న ఆటో ముందు నిలబడి, కర్ర కోడలి చేతికిచ్చి, కమ్మీ పట్టుకుని ఎక్కింది. కాలు ఎక్కే దారికి సగం అడ్డంగా ఉంది. బస్టాండు దగ్గర సంచితో ఒకామె ఎక్కబోయి ఆగింది.

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "అమ్మా, జర కాలు లోపటికి అనుర్రి."

మానస నోరు తెరిచేలోపే వెంకటనర్సమ్మ బాగున్న కాలును మీద వేసి, కొత్త మోకాలును సీటు కిందికి నెట్టుకుంది. పళ్లు బిగించి, పక్కకు జరిగింది.

"రాండ్రి" అంది ఆ సంచి పట్టుకున్నామెతో. "జాగ ఉంది."