కెమికల్ లేని మస్కారా

మా అక్క పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేసేది. ఆ పనికి దుకాణం ఉండదు, వేసేవాళ్ళ మొహమే బోర్డు. బోడితల డాక్టరు దగ్గరికి జుట్టు వైద్యానికి జనం వెళ్ళడం నేను చూశాను గానీ, కళ్ళు ఉబ్బిన మనిషి ముందు కన్నెత్తి కూర్చునే పెళ్ళికూతురిని చూడలేదు. అక్క కళ్ళు ఉబ్బాయి. జరిగింది ఇంతే, మిగతాదంతా వివరాలు.

తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాళ్ళం మేము. మారతహళ్ళిలో అద్దె ఇల్లు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. ఆదివారాలు అక్క మేకప్ పెట్టెను స్కూటర్ మీద మోస్తాను. దానికి జీతం లేదు, తప్పులు వెతికితే తిట్లు మాత్రం ఉన్నాయి.

మొదట రెప్పల అంచులు ఎర్రబడ్డాయి, తర్వాత దురద. అమ్మ వెంటనే జబ్బు పేరు చెప్పేసింది: దిష్టి. ఉప్పు, ఎండుమిరపకాయలు అక్క చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి తగిలి ఉంటే ఘాటు రాదని అమ్మ శాస్త్రం. మాకేమో ఇల్లంతా దగ్గు, పక్కింటివాళ్ళు కూడా తలుపు తీసుకుని బయటికొచ్చారు.

"ఘాటొచ్చింది కదమ్మా, అంటే దిష్టి లేనట్టే" అన్నాను.

"నోర్ముయ్యప్పా! పెద్ద దిష్టి పోయేటప్పుడు ఘాటుగానే పోతాది."

దిష్టి పోయిందో లేదో తెలియదు గానీ, ఆ పొగకు సాయంత్రానికి రెండో కన్ను కూడా ఉబ్బింది.

అక్కకు మస్కారా మీద అనుమానం వచ్చింది. రోజూ రెప్పలకు పూసుకునేది అదొక్కటే. "రేయ్, ఆ డబ్బామింద ఏమేముండాయో చదువప్పా, నాకు కనపడ్లేదు" అంది. కళ్ళు బాగున్నవాడికి కూడా కనపడని అక్షరాలవి. ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాను. నీళ్ళు, రకరకాల మైనాలు, రెప్పకు అతుక్కునేలా చేసే ప్లాస్టిక్ లాంటి పదార్థం, నలుపు కోసం ఐరన్ ఆక్సైడ్.

"తుప్పుకు చుట్టం ఇది. మన గేటుకు ఉచితంగా పడుతుంది, నువ్వు కొనుక్కుంటున్నావు."

"ఎగతాళి చాలు, ఇంకేముండాయి?"

చివర్లో ప్యారాబెన్ అని ఉంది. దాని పక్కన ఫినాక్సీ ఇథనాల్, అదీ నేను మూడోసారికి సరిగా పలికాను. అక్క లేచి కూర్చుంది. ప్యారాబెన్ విషమని వీడియోల్లో ఎవరో ఒకమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పిందట. నోరు తిరగని పేరున్నదంతా విషమేనని అక్క ఆ రోజు తేల్చేసింది. ఆ లెక్కన మా ఇంటి ఓనరు పేరు కూడా విషమే. ఆ విషయంలో నాకు అభ్యంతరం లేదు.

అక్కడి నుంచి మా ఇల్లే కార్ఖానా అయింది. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి మసి పట్టారు, చిన్నప్పుడు మాకు అమ్మ కాటుక చేసినట్టే. నగర్తపేటలో టోకున కొన్న తేనె మైనం కరిగించి, ఆముదంతో కలిపి మసిలో రంగరించారు. పాత మస్కారా ట్యూబులు కడిగి వాటిలో నింపారు. "మా అమ్మకాలం నుంచీ పెట్టుకుంటా ఉండాము, ఎవురికేమయింది?" అని అమ్మ గర్వపడింది. వంటింటి కప్పుకు మాత్రం అయింది, నల్లగా.

'కెమికల్ లేని మస్కారా' అని అక్క ఫోన్‌లో పెట్టగానే పెళ్ళివాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి కొందరికి అదే పూసింది కూడా. అందరికీ నమ్మకం కలగాలని అక్క రోజూ అదే పూసుకుని, ఎరుపు కనపడకుండా ఫిల్టర్ వేసి ఫొటో పెట్టేది. కళ్ళు ఇంకా మండాయి. మండేకొద్దీ ఇంకాస్త పూసింది.

"మందు లాంటిదిరా ఇది. లోపలుండే కెమికలంతా బయటికొస్తా ఉండాది."

బయటికి వచ్చినవి రెప్పవెంట్రుకలు. మొహం తుడుచుకున్న తువ్వాలు మీద చీమల్లా కనిపించాయి. అదేంటో ఆ రోజు నాకు ఎగతాళి తోచలేదు.

కళ్ళ డాక్టరు చుక్కల మందు రాసి, చర్మం డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ అక్క వీపు మీద చిన్న చిన్న పట్టీలు వరసగా అతికించింది. ఒక్కో పట్టీలో ఒక్కో పదార్థం. పట్టీలు తీసేదాకా స్నానం చేయకూడదు. అమ్మ దేవుడి గదికి అడ్డంగా నిలబడింది. పట్టీలు తీశాక చూస్తే ప్యారాబెన్ పెట్టిన చోట చర్మం శుభ్రంగా ఉంది. ఒకచోట మాత్రం ఎర్రటి దద్దురు.

"తేనె మైనం" అంది డాక్టరమ్మ. "మీరు కొన్న మస్కారాలో కూడా ఉండింది, కొద్దిగా. ఇంట్లో మీరు అదే గట్టిగా కలిపిండారు."

"మరి ప్యారాబెన్?" అంది అక్క, ఇంకా ఆశ వదలకుండా.

"అది క్రిములు పెరగకుండా వేసేదమ్మా. అనుమతించిన మోతాదులో ఉంటే భయం లేదు. మీదాంట్లో అది లేదు కదా, కడిగిన పాత ట్యూబులో తడి ఉంటుంది, బ్రష్ రోజూ లోపలికీ బయటికీ. అందుకే కంటికి ఇన్ఫెక్షన్ కూడా వచ్చింది. కంపెనీదైనా తెరిచాక మూడు నెలలకు పారేయాలి, ఒకరిది ఇంకొకరికి పూయకూడదు."

"రెప్పవెంట్రుకలు మళ్ళీ వస్తాయా?" అంది అక్క.

"కొన్ని రావచ్చు. అన్నీ వస్తాయని చెప్పను."

ఆవిడ మంచి డాక్టరు. మంచి డాక్టర్లతో ఇదే ఇబ్బంది.

ఇంటికొచ్చాక అమ్మ ఏడ్చింది. "తేనెటీగలు గూడా మోసం చేసిండాయే తల్లీ!" తేనెటీగలు మనల్ని ఉద్దేశించి ఏమీ చేయలేదని చెప్పాను. ఎవరూ వినలేదు.

అక్క కళ్ళ సంగతి బయటికి తెలిశాక, ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. మిగిలింది సర్జాపుర రోడ్డులో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో పెళ్ళి. అది నిలబడితే ఆ టవర్లన్నిట్లోకీ అక్క పేరు వెళ్తుంది. అది కూడా పోతే ఇంక ఈ పని మానేస్తానని అక్క ముందే చెప్పింది. పెళ్ళికి ముందు ఒకసారి వేసి చూపించాలి కదా, ఆ రోజు పెట్టె మోసుకుని నేనూ వెళ్ళాను.

అక్క నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. పెళ్ళికూతురి తల్లిది విజయవాడ. "ఇంట్లోకొచ్చాక కూడా కళ్ళద్దాలేంటమ్మాయ్, ఎండేమన్నా కొడుతుందా?" అంది.

"అక్కా, నాకు కెమికల్స్ వద్దు, ప్లీజ్" అంది పెళ్ళికూతురు. "మీ హోమ్‌మేడ్ మస్కారా కోసమే మిమ్మల్ని బుక్ చేశాను."

ఆ ట్యూబు పెట్టెలోనే ఉంది. తీసి పూసేస్తే పని అయిపోయేది. అక్క కళ్ళద్దాలు తీసింది.

"నా కళ్ళకు అది చేసిన పని ఇది. మీకూ ఇట్లే అవుతాదని చెప్పను. నాకు పడని మైనం మీకు పడచ్చు. కానీ దాంట్లో క్రిములు పెరగకుండా ఆపేది ఏమీ లేదు. సీలు తీయని కంపెనీది తెచ్చిండాను, ముందు మీ మోచేతి మడతలో రాసి చూద్దాం."

తల్లి మెల్లగా అడిగింది: "అయితే ఇన్నాళ్ళూ అందరికీ పూసింది అదేనా?"

"అదే ఆంటీ."

"కానీ అక్కా, కంపెనీదాంట్లో ప్యారాబెన్స్ ఉంటాయి కదా?" అంది పెళ్ళికూతురు.

డాక్టరమ్మ చెప్పినదంతా అక్క మళ్ళీ చెప్పింది, ఓపిగ్గా, వరసగా. నిజం చెప్తున్నప్పుడు మనిషి ఎంత అనుమానాస్పదంగా కనిపిస్తుందో నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళు కాఫీ ఇచ్చి పంపారు. కాఫీ బాగుంది. పని ఇవ్వనివాళ్ళ ఇళ్ళలో కాఫీ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఆ పెళ్ళి వేరే అమ్మాయికి వెళ్ళింది. ఆమె మస్కారా నూటికి నూరుపాళ్ళు ఆయుర్వేదమట. పెళ్ళి ఫొటోలు వచ్చిన రోజు అక్క నా ఫోన్ లాక్కుని, పెళ్ళికూతురి కళ్ళను వేళ్ళతో పెద్దవి చేసి చాలాసేపు చూసింది. ఎరుపు లేదు, వాపు లేదు. రెప్పవెంట్రుకలు ఒత్తుగా, నల్లగా.

"ఏమీ కాలేదురా. బాగుండాయి."

"మంచిదే కదక్కా."

"మంచిదే."

ఫోన్ నా చేతికిస్తుండగా అక్క ఫోన్ మోగింది. కొత్త నంబరు. స్పీకర్‌లో ఎవరో అమ్మాయి హడావిడిగా అడిగింది: "హలో, కెమికల్స్ లేకుండా బ్రైడల్ మేకప్ చేసే అక్క మీరేనా?"

"రాంగ్ నంబర్ మేడమ్" అంది అక్క.