ఎలుకలకు పట్టిన నిద్ర

మొన్న సూపర్ మార్కెట్‌లో కుండీలో పూసిన ఆర్కిడ్ మొక్క కనబడితే, మా ఆవిడ దానివంక చూసి చిన్నగా నవ్వి ముందుకు సాగిపోయింది గానీ, నేను మాత్రం ఐర్లండ్‌లోని కార్క్‌ ఊళ్లో గడిపిన ఆ కరోనా కాలపు ఉదయాల్లోకి వెళ్లిపోయి, బండి తోయడం మరచి అక్కడే నిలబడిపోయాను.

అప్పట్లో నేను ఊరవతల మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. ఒక ఆర్కిడ్ దుంపలోంచి తీసిన తెల్లటి పొడి నరాలను నెమ్మదింపజేస్తుందా, వాపు తగ్గిస్తుందా, నిద్ర పట్టిస్తుందా అని పరీక్షించడం మా పని. చైనావాళ్లు తలనొప్పికీ, కళ్లు తిరగడానికీ ఆ దుంపను తరతరాలుగా వాడుతున్నారట. మా ఆవిడేమో వృద్ధాశ్రమంలో నర్సు, అన్నీ నైట్ డ్యూటీలే. తెల్లవారాక ఇంటికొచ్చి, స్నానం చేసి, ప్రార్థన చేసుకుని పడుకునేది గానీ కంటిమీద కునుకు ఉండేది కాదు. కళ్లు మూస్తే చాలు, ఆ వారం పోయిన ముసలివాళ్ల ముఖాలే కనబడుతున్నాయనేది. మా పేట డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటే డ్యూటీలో మత్తుగా ఉంటోందని మానేసింది. నిద్రలేని చేతులతో ఒకరి మందు మరొకరికి ఇచ్చేస్తానేమోనని ఆమె భయం, ఆమే కుప్పకూలిపోతుందేమోనని నా భయం.

“మీ పొడి ఓ చిటికెడు తెస్తే మీ సొమ్మేం పోయిందండీ?” అని అడిగింది ఒకరోజు. అది ఇంకా ఎలుకల దగ్గరే ఉంది, మనుషుల దాకా రాలేదన్నాను.

“పోనీలెండి, ఎలుకలకైనా నిద్ర పడుతోంది,” అంది. నాకు నవ్వు రాలేదు.

పొడి ఎలాగూ తేలేను, దాని గుణాలైనా వినిపిద్దామని, నాది మధ్యాహ్నం షిఫ్టు గనక, మంచం పక్కన కుర్చీ వేసుకుని మా రిపోర్టును తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అది దేంట్లో కరుగుతుందో, ఎంత వేడికి పాడవుతుందో, ఎలుక కాలేయంలోకి వెళ్లి ఏమవుతుందో చెబుతూ రెండో పేజీ తిప్పేసరికి గురక వినిపించింది. పెళ్లయిన అన్నేళ్లలో నా మాటలు ఆమెకు అంత మేలు చేయడం అదే మొదలు. ఇక రోజూ అదే వైద్యం. ఆపితే లేస్తుందేమోనని, గొంతు ఎండిపోతున్నా చదువుతూనే ఉండేవాణ్ణి.

ఆ పొడి చివరికి మందు కాలేదు, ఆశించినంత గుణం కనబడలేదని ఆ పని ఆపేశారు. టీకాలొచ్చాయి, వృద్ధాశ్రమంలో చావులు తగ్గాయి, ఆమె నిద్ర ఆమెకు తిరిగొచ్చింది. ఇద్దరం రిటైరయ్యాం. ఆ రోజులు పగవాడికి కూడా వద్దు. అయితే ఇప్పుడు రాత్రిళ్లు పక్కమీద ఏదో చెప్పబోయి ఆమె వైపు తిరిగేసరికి, నేను నోరు తెరవకముందే నిద్రపోయి ఉంటుంది.