నిమిషానికి నూట ఇరవై అడుగులు

అప్పట్లో మాకు క్రమశిక్షణ అంటే ఒక చార్టు. ఇప్పుడు నేను కొలత పరికరాల పరీక్షశాలలో పనిచేస్తున్నాను. ఏ పరికరం ఎంత తప్పు చూపుతున్నదో పరీక్షించి, కాగితం మీద రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. అయితే నన్ను మొట్టమొదట పరీక్షించిన కాగితం మాత్రం ఆర్మూర్‌లో మేము చదివిన హైస్కూలులో, విరిగిన బెంచీలు దాచే గదిని ఖాళీ చేయించి బ్యాండు గదిగా మార్చినప్పుడు దాని తలుపు లోపలి వైపు అతికించిన లేత నీలం చార్టు. ఎర్ర స్కెచ్ పెన్నుతో "బ్యాండు విద్యార్థుల నుండి ఆశించునవి" అని శీర్షిక, దాని కింద పదకొండు నియమాలు. ("ఆశించునవి" అన్న మాటలోని మర్యాద చూసి మోసపోయిన వారిలో నేనూ ఒకదాన్ని. అవి ఆశలు కావు.)

ఆ చార్టు రాసినవారు మా డ్రిల్లు మాస్టారు. నడిచేటప్పుడు, మెట్లు ఎక్కేటప్పుడు, చివరికి హాజరు పట్టీ తిరగేసేటప్పుడు కూడా పెదవుల కింద "ఏక్, దో" అనుకుంటూ ఉండేవారు కాబట్టి ఆయన మాకు ఏక్‌దో సార్. ఉదయం ఏడింటికల్లా వరుసలో ఉండాలని మొదటి నియమం. గోళ్లు, తెల్ల క్యాన్వాస్ బూట్లు, వాయిద్యాన్ని నేల మీద పెట్టకపోవడం తరువాతివి. నడుస్తున్నప్పుడు ముందువారి కాలరు మీద తప్ప మరెక్కడా చూపు నిలపరాదనీ, నోరు విప్పరాదనీ అయిదోది. సైడు డ్రమ్ము ఎంత వేగంతో మోగితే అందరూ అంతే వేగంతో నడవాలి, ఎవరూ సొంత తెలివి వాడరాదు అని ఆరోది. ప్రధాన సైడు డ్రమ్ము వాయించే విద్యార్థి రోజూ ఇంటి దగ్గర ఒక గంట, అదీ నడుస్తూ, సాధన చేయాలని ఏడోది. వేగం నిమిషానికి నూట ఇరవై అడుగులు. దాన్ని తప్పిన వారు డ్రమ్ము కట్టెలు వాపసు ఇవ్వవలెను అని చిట్టచివరిది. ఈ నియమాలన్నీ కాగితం మీద ఎత్తి రాసుకుని, దాని మీద ఇంటి పెద్ద సంతకం తేవాలి. మా ఇంటి వ్యవహారాలన్నీ నాయినమ్మ చేతిలో ఉండేవి కాబట్టి ఆమెకు పదకొండూ చదివి వినిపించాను. "పెండ్లిళ్లల్ల కొట్టే బ్యాండోళ్లకు గూడ గిన్ని రూల్సు లేవు గదనే," అని ఆశ్చర్యపోయి, కాగితాన్ని దూరంగా పట్టుకుని మరోసారి చూసి, సంతకం పెట్టింది.

నాకు ప్రధాన సైడు డ్రమ్ము దక్కడానికి కారణం సంగీతం కాదు, లెక్క. నేను ఏ పని చేస్తున్నా లోపల అంకెలు వేసుకునే అలవాటున్న పిల్లను. సార్ గడియారం చూస్తూ అందరినీ చప్పట్లు కొట్టమన్న రోజున, అయిదు నిమిషాల చివర కూడా నూట ఇరవై మీద నిలబడినది నేనొక్కదాన్నే. ఆ రెండు కట్టెలు చేతికి వచ్చాక నా నడకే మారిపోయింది. మార్కులు ఎంతమందికైనా రావచ్చు, కట్టెలు ఒక్కరికే. నలభై మంది నా చేతుల మీద నడుస్తారు. అంతకు మించిన పదవి నాకు అప్పుడు ఊహకు అందలేదు. (ఇప్పటికీ అందలేదనే చెప్పాలి.) నా వెనుక పెద్ద డ్రమ్ము మోసే అమ్మాయి నందిపేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది, ఆమెను అందరం నందిపేట్ అనే పిలిచేవాళ్లం. ఆటో నిండితే గానీ కదలదు కాబట్టి మొదటి నియమంతో ఆమెకు రోజూ యుద్ధమే.

"ఆటో నిండలే సార్."

"నిండకపోతె దిగి నడువు."

"నడుస్తె మధ్యాన్నం బెల్లుకు అందుత సార్."

సార్ నవ్వు రాకుండా మీసం సవరించుకుని, "లైన్ల నిలవడు," అనేవారు.

ఫిబ్రవరిలో స్కూలు ఆటల పోటీలు. ఆ రోజు ముఖ్య అతిథికి వందనం చేస్తూ మా బ్యాండు ముందు నడవాలి, మిగతా పిల్లలు నాలుగు దళాలుగా వెనుక రావాలి. సరిగ్గా ఆ నెలలోనే మా ఇంట్లో పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోశారు. ఉడికిన కొమ్ములు పైన ఎండి కింద తడిగా ఉండిపోకూడదు కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు తిప్పాలి. కొందరు పారతో తిప్పుతారు. మా కల్లంలో మాత్రం కాళ్లతోనే. ఎనిమిది మంది ఆడవాళ్లు ఒక వరుసలో నిలబడి, పాదాలు ఎత్తకుండా, కొమ్ముల్లోంచి ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. వెనుక ఎనిమిది సాళ్లు పడతాయి. వాళ్లకు పెద్ద మేస్త్రవ్వ. ఆమె కాలు ఎప్పుడు కదిలితే మిగిలిన పదునాలుగు కాళ్లూ అప్పుడే కదులుతాయి. ఇంటి దగ్గర, నడుస్తూ, ఒక గంట అన్న ఏడో నియమానికి అంతకంటే అనువైన స్థలం లేదని నేను నిర్ణయించుకున్నాను. డ్రమ్ము మెడకు తగిలించుకుని, వాళ్ల పక్కనే గట్టు మీద నడుస్తూ మొదలుపెట్టాను.

"ఏందే పొల్లా, ఎనుక కుక్కలు తరిమినట్టు కొడ్తున్నవ్?" అంది మేస్త్రవ్వ.

"రూల్ గిదే అవ్వా. నిమిషానికి నూట ఇరవై."

"గా రూల్ మా కాళ్లకెవ్వలు జెప్పిన్రే? జర నిమ్మలంగ కొట్టు. కొమ్ములు తిరగాలె గద."

నేను తగ్గించలేదు. తగ్గించలేదనే అనుకున్నాను. కానీ పక్కన పదహారు పాదాలు ఒకే లయలో కొమ్ములను ఈడుస్తూ ఉంటే, ఆ గరగర శబ్దం చెవిలోంచి మణికట్టులోకి దిగుతుంది. రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున నా వేగం పడిపోయింది. మా వృత్తిలో దీన్ని డ్రిఫ్ట్ అంటాం: పరికరం చెడిపోదు, ఆగిపోదు, రోజూ కొద్దికొద్దిగా జారుతుంది, తాను సరిగ్గానే ఉన్నానని నమ్ముతూనే. "డప్పు ఉంటె పొద్దు పోయింది తెలుస్తలేదు బిడ్డా," అని వాళ్లు మెచ్చుకోవడం ఆ జారుడుకు మరింత సాయపడింది. స్కూలులో ఈ సంగతి బయటపడకపోవడానికి ఒకటే కారణం. అక్కడ సాధన జరిగినంతసేపూ సార్ పక్కన నడుస్తూ చప్పట్లు కొడతారు. నా చేతులు ఆయన చప్పట్లను పట్టుకుని నడిచిపోయేవి.

పోటీల రోజున సార్ ముఖ్య అతిథి పక్కన వేదిక మీద నిలబడవలసి వచ్చింది. చప్పట్లు లేవు. (ఆ ముఖ్య అతిథి పేరు గుర్తు లేదు, మీసం గుర్తుంది.) మా బ్యాండు సున్నపు గీత దాటగానే అతిథి చేయెత్తి వందనం స్వీకరించారు. చివరి దళం వేదిక దాటేవరకు ఆ చేయి దించకూడదు. ఆ దూరం రెండు వందల నలభై అడుగులు. నిమిషానికి నూట ఇరవై అయితే రెండు నిమిషాల పని. ఆ రోజు నేను వాయించినది ఎనభై. అంటే మూడు నిమిషాలు. (అడుగు పొడవు కూడా తగ్గి ఉంటుంది, ఎందుకంటే నేను అలవాటుగా పాదాలు ఈడుస్తున్నాను. దానికి నా దగ్గర కొలత లేదు.) ఆరో నియమం ప్రకారం నా వెనుక ఎవరూ సొంత తెలివి వాడలేదు. నలభై మంది బ్యాండు, నాలుగు దళాలు, అందరూ పాదాలు ఈడుస్తూ, మైదానం మట్టిని ఎండకు తిప్పుతున్నట్టుగా, ఎంతో ఒద్దికతో కదిలారు. దుమ్ము మోకాళ్ల దాకా లేచింది.

వెనుక నుంచి నందిపేట్ పళ్ల సందుల్లోంచి అంది: "ఏమే, నిద్రొస్తుందా? జల్ది కొట్టు!"

"మాట్లాడకు. రూల్ అయిదు," అన్నాను నేను, ఆ నియమాన్ని నేనూ తప్పుతున్నానని గమనించకుండానే.

వేదిక దగ్గరకు వచ్చేసరికి ముఖ్య అతిథి కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబెట్టుకుంటున్నారు. పక్కన సార్ తన తొడ మీద వేళ్లతో నూట ఇరవై కొడుతున్నారు. తరువాత ప్రసంగంలో ఆ పెద్దమనిషి భుజం రుద్దుకుంటూ, ఇంత ఓపికగా నడిచిన పిల్లలను తాను ఎక్కడా చూడలేదని అన్నారు. అది మెచ్చుకోలని నేను నమ్మిన కాలం, వేదిక దిగి వస్తున్న సార్ ముఖం కనబడేంతవరకే.

బ్యాండు గదిలో ఆయన కోప్పడలేదు. చేయి చాచారు.

"పదకొండో రూల్ ఏం చెప్తుంది?"

"కట్టెలు వాపస్ ఇయ్యాలె సార్."

"ఎందుకు తగ్గింది?"

"తెల్వది సార్. నేను సరిగనే కొడ్తున్న అనుకున్న."

"గదే పరేషాన్ నాకు," అన్నారాయన, కట్టెలు తీసుకుంటూ. "తెలిసి తగ్గిస్తె రేపు తెలిసి పెంచుతవ్. తెల్వకుంటనే తగ్గితె నిన్నెట్ల నమ్మాలె?"

నాకు ట్రయాంగిల్ ఇచ్చారు. ఎనిమిది అడుగులకు ఒకసారి దాన్ని తాకాలి. మిగిలిన ఏడు అడుగులూ ఊరికే నడవాలి. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారి పొడవునా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"డప్పేదే?" అంది మేస్త్రవ్వ, కల్లం దగ్గర. చెప్పాను. వరుస ఆగిపోయింది. "గదేంది? నిమ్మలంగ కొట్టుమన్నది మేము. కట్టెలు గుంజుకునేది నీయా?" అని ఆమె మా నాయినమ్మ వైపు చూసింది. నాయినమ్మ మరునాడు ఉదయం ఏడింటికి నాతోపాటు బ్యాండు గది ముందు నిలబడింది.

"సారూ, మీ కాయిదం మీద సంతకం వెట్టింది నేను. మా కల్లంల ఆడోళ్ల నడకకే పిల్ల చెయ్యి తగ్గింది. తప్పయితె నన్నడుగుండ్రి."

"అమ్మా, ఎవ్వలు ఎట్ల నడిచినా పిల్ల మారొద్దు. గదే దాని డ్యూటీ."

"గంతే గద? మరి మా కల్లంల్నే సూడుండ్రి. ఎనిమిది మంది వాళ్ల లెక్కన నడుస్తరు, పిల్ల మీ లెక్కన కొడ్తది. మారితె కట్టెలు మీయి. మారకుంటె పిల్లయి."

సార్ న్యాయమైన మనిషి. చార్టులో అన్నిటికీ నియమం రాశారు గానీ, పునఃపరీక్ష కుదరదని ఎక్కడా రాయలేదు. దాన్ని పై నుంచి కిందకు చదివి, "ఆయితారం వస్త," అన్నారు.

ఆదివారం స్టాప్‌వాచ్‌తో వచ్చారు. పసుపు తొక్కవద్దని నాయినమ్మ ఆయన తెల్ల బూట్లు విప్పించి, గోనెసంచి మీద నిలబెట్టింది. పరీక్ష అయిదు నిమిషాలు. "అవ్వా, మీరు రోజు నడిచినట్టే నడువుండ్రి. పొల్ల దిక్కు సూడకుండ్రి," అని సార్ చెప్పారు. "గట్లనే సారూ," అంది మేస్త్రవ్వ, ఎంతో వినయంగా.

మొదలుపెట్టాను. మొదటి నిమిషం వాళ్లు మామూలుగానే పాదాలు ఈడ్చారు. నా ప్రాణమంతా మణికట్టుల్లో ఉంది. లోపల అంకెలు లెక్కపెడుతూనే ఉన్నాను, కానీ ఆ గరగర శబ్దం మళ్లీ చెవిలోకి దిగుతోంది. సార్ కనుబొమలు దగ్గరకు వచ్చాయి. అప్పుడు జరిగింది. మేస్త్రవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుంది. ఆమె పాదాలు వేగం అందుకున్నాయి, వరుసంతా అందుకుంది. రెండో నిమిషానికి వాళ్లు విసవిసా నడుస్తున్నారు, మూడో నిమిషానికి దాదాపు పరుగు. పసుపు కొమ్ములు గులకరాళ్లలా ఎగిరి సార్ పాదాల మీద పడ్డాయి.

"అవ్వా, గట్ల కాదు! మీ లెక్కన నడువుండ్రి!" అని సార్ అరిచారు.

"ఏం జెయ్యాలె సారూ!" అంది ఆమె రొప్పుతూ. "డప్పు గట్ల కొడ్తుంటె కాళ్లు ఆగుతయా?"

అయిదో నిమిషం చివర సార్ వాచీ నొక్కి, నా వైపు, వాళ్ల వైపు, పసుపచ్చబడిన తన పాదాల వైపు చూసుకున్నారు. "నూట ఇరవై," అన్నారు. తరువాత చేతి సంచిలోంచి కట్టెలు తీశారు. "ముసలోళ్లనే ఉరికిచ్చినవంటె, పిల్లల్ని నడిపిస్తవ్ తియ్."

"ముసలోళ్లెవ్వలు సారూ?" అని వరుసలోంచి ఎవరో అడిగారు. ఆయన గబగబా బూట్లు వేసుకున్నారు. సోమవారం చార్టు మీద పన్నెండో నియమం కనబడింది: ఇంటి సాధన ఏకాంతముగా చేయవలెను.

ఆ తరువాత పదో తరగతి పూర్తయ్యేదాకా నా వేగం ఒక్కసారి కూడా తప్పలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకు ఈ కథ చెప్పడం నాకు అలవాటు. స్థిరంగా ఉన్న ఒక్క మూలం చాలు, చుట్టూ జారుతున్నవన్నీ దాని దారికి వస్తాయని చివర్లో ఒక మాట చేర్చేదాన్ని. పోయిన ఫిబ్రవరిలో ఊరికి వెళ్లినప్పుడు కల్లం దగ్గర మేస్త్రవ్వ కనబడింది. ఇప్పుడు ఆమె నడవదు. మంచం మీద కూర్చుని మేకలను అదిలిస్తూ ఉంటుంది. ఆమె పక్కన కూర్చుని, ఉద్యోగంలో కొత్త పిల్లలకు చెప్పే ఆ కథనే గొప్పగా ఆమెకూ చెప్పాను.

ఆమె చివరిదాకా విన్నది. "డప్పు ఎవ్వలిన్నరే?" అంది. "ఒక్క నిమిషం కాంగనే నీ చేతులు మా దిక్కు గుంజుకొస్తున్నయి. సారు మొఖం మాడవట్టె. నేనే అన్న, ఉరుకుండ్రే, లేకుంటె పొల్ల కట్టెలు పోతయి అని. వారం దినాలు మోకాళ్లు లేవలే నాకు."

ఆ రోజు నేను వాళ్లను నడిపించలేదు. వాళ్ల పాదాలను పట్టుకుని నేనే నడిచాను. ఇన్నేళ్లుగా తప్పు నివేదిక చదువుతున్నాను.

"మరి గప్పుడే చెప్పొద్దా అవ్వా?"

"చెప్తె," అంది ఆమె, మేక వైపు పుల్ల విసురుతూ, "గా తర్వాత గంత ధైర్నంగ కొడుదువా నువ్వు?"

కొట్టేదాన్ని కాదు. ఎనిమిది మంది ఆడవాళ్లను నా రెండు చేతులతో పరుగెత్తించానని నమ్మిన ఆ పద్నాలుగేళ్ల పిల్లను తలుచుకుని, ఆ మంచం మీదే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ నమ్మకాన్ని ఇప్పుడైనా ఆ పిల్ల దగ్గర్నుంచి వాపసు తీసుకోవాలని మాత్రం నాకు అనిపించలేదు.