శుక్రవారం పాడయ్యే హెడ్‌లైట్లు

మా చిన్నప్పుడు... శుక్రవారం తెల్లారిందంటే బెంగాలీల ఊళ్ళో, రైల్వే వాళ్ళ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్ ముందు చింతపండు పులుపు వాసన వచ్చేది.

రైలు కారఖానా సైరన్ మోగకముందే నాన్నమ్మ కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చునేది. కుందులు, గంట, హారతి పళ్ళెం... అన్నీ చింతపండు, బూడిద కలిపి తోమేది. నేను కడిగి బోర్లించేదాన్ని. లోపల అమ్మ నాన్నకి కారియర్ సర్దుతూ ఉండేది. వాకిట్లో సైకిలు చక్రానికి గాలి కొట్టే చప్పుడు...

సామాన్లయ్యాక నాన్నమ్మ కొబ్బరి పీచు, చింతపండు గిన్నె పట్టుకుని కారు దగ్గరికి నడిచేది.

ఆ కారు చిన్నాన్నది. దొరల కాలం నాటి బండి. స్టీరింగు వెనక చెక్క పలక మీద వరసగా ఇత్తడి గుండీలు... ఒకటి లాగితే హెడ్‌లైట్లు, ఒకటి నొక్కితే హారన్, ఒకటి తిప్పితే వైపరు. నాన్నమ్మ వాటిని తోమి, నీళ్ళు చిలకరించి తుడిచి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది.

"నాన్నమ్మా, కారుని కూడా తోముతావేటి?" అని అడిగాను ఒకసారి.

"ఇత్తడి కాదేటే అది? ఆడికి అన్నం ఎట్టాల్సిన బండి. నల్లగుంటే లచ్చిమి ఉంటాదా?"

గుండీలు బంగారంలా మెరుస్తుంటే చిన్నాన్న కూడా మురిసిపోయేవాడు.

ఆ బండిని స్టేషను దగ్గర టాక్సీగా తిప్పాలని ఆయన ఆశ. దానికి మేదినీపూర్‌లో బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు చూసి సరే అనాలి. ఆయన చూసేది శనివారాలే. ఒకసారి తీసుకెళ్తే హెడ్‌లైట్లు వెలగలేదు. ఇంకోసారి హారన్ మోగలేదు. మూడోసారి కూడా కాకపోతే బండి అమ్మేసి, శ్రీకాకుళం దగ్గర మా ఊరికి పొలం పనులకి వెళ్ళిపోతానన్నాడు.

చిన్నాన్న నాన్నమ్మకి కడసారి బిడ్డ. ఆ మాట విన్నాక ఆవిడ గుండీలను ఇంకాస్త ఎక్కువసేపు తోమడం మొదలుపెట్టింది...

నాన్న కారఖానాలో రైలు పెట్టెల దీపాలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. ప్రతి ఆదివారం కారు స్విచ్చులు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించేవారు. గురువారం దాకా అన్నీ బ్రహ్మాండంగా పనిచేసేవి. శనివారానికి మళ్ళీ మొండికేసేవి. ఎందుకో అంతుపట్టేది కాదు.

ఆ శుక్రవారం కూడా అంతే. తెల్లారితే మూడోసారి మేదినీపూర్ వెళ్ళాలి. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుండీ లాగారు. హెడ్‌లైట్లు రాలేదు.

ఆదివారాల్లా ఒక్కొక్కటిగా కాక, కంగారులో తీగలన్నీ ఒక్కసారే ఊడదీశారు. ఉన్న తలనొప్పికి తోడు, ఏ గుండీ దేనిదో చెప్పే అక్షరాలు తోమి తోమి అరిగిపోయాయి. వెనకాల తీగలకి గుడ్డ తొడుగులు... రంగులు పోయి అన్నీ మట్టిరంగే. నాన్న తలకిందులుగా దూరి ఒక్కో తీగా తాకించి చూస్తుంటే, నేను బండి ముందు నిలబడి చెప్పాలి.

"ఎలిగిందేటే?"

"నేదు నాన్నా."

"ఇప్పుడో?"

"వైపరు తిరిగింది..."

సైకిలు మీద పోతున్న పక్క లైను బెంగాలీ బాబు ఆగి, "కీ దాదా, గాడీ చోల్బే?" అని నవ్వాడు. బండి కదులుతుందా అని వెటకారం. "చోల్బే, చోల్బే" అన్నారు నాన్న, తల బయటపెట్టకుండానే.

"ఒగ్గెయ్ అన్నియ్యా... నా రాత ఇంతే" అన్నాడు చిన్నాన్న.

"నీ రాతేటిరా! రైలు రైలంతా ఎలిగిస్తన్నాను. ఈ డబ్బాకి రెండు దీపాలు ఎలిగించనేకపోతన్నాను!"

స్క్రూడ్రైవరు వెళ్ళి గోడకి తగిలింది. నాన్న ఏదైనా విసరడం నేను చూసింది అదొక్కసారే.

కాసేపటికి ఆయనే వెళ్ళి దాన్ని తెచ్చుకున్నారు. తీగలన్నిటినీ కలిపి పట్టుకున్న రేకు బిగింపు విప్పారు. దాని కింద, మట్టి అంటని చోట, బెత్తెడు మేర అసలు రంగులు మిగిలే ఉన్నాయి... ఎరుపు, నీలం, పచ్చ. హెడ్‌లైట్ల నుంచి వచ్చిన నీలం తీగ పట్టుకుపోతే హెడ్‌లైట్ల స్విచ్చు దొరికింది.

విప్పి చూస్తే లోపలంతా ఆకుపచ్చ చిలుము. మొన్న ఆదివారమే రుద్దింది! నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ వాసన చూశారు. గుమ్మంలో ఉన్న అమ్మకి ఇచ్చి అడిగారు.

"ఏటిది... సారు వాసనొస్తంది?"

అమ్మకీ చారు వాసనే తగిలింది. కుళాయి పక్కన చింతపండు గిన్నె వంక చూసింది. ప్రతి శుక్రవారం గుండీల సందులోంచి ఆ పులుపే లోపలికి దిగుతోంది.

"అమ్మకి సెప్పకండి. బాధపడతాది" అన్నాడు చిన్నాన్న మెల్లగా.

"నాకు సెవుడు నేదురా" అంది నాన్నమ్మ లోపలి నుంచి.

బయటికి వచ్చి, గిన్నె తీసి అమ్మ చేతిలో పెట్టింది. "దీన్ని సారుకే వాడుకో, కోడలా."

నాన్న చిలుము గీకి స్విచ్చు బిగించి, గుండీ లాగారు. హెడ్‌లైట్ల వెలుగు నేరుగా నాన్నమ్మ మీద పడింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు... కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

ఇప్పుడు మా తమ్ముడి కారులో గుండీలే లేవు. గాజు పలక మీద వేలు ఆనిస్తే చాలు. పాడైతే ఎవరూ విప్పరు, మొత్తం మార్చేస్తారు. ఎందుకు పాడైందని ఎవరూ వాసన చూడరు. ఆ గాజు మీద బొట్టు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు...

మీ ఇళ్ళలోనూ ప్రేమ ఎక్కువై పాడైన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. రాయండి, చదువుకుంటాను. మా ఊళ్ళోని ఝపటాపూర్ పేట నుంచి స్టేషనుకి మా చిన్నాన్న టాక్సీ ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే మరీ సంతోషం.

హెడ్‌లైట్లు వెలిగిన ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఇంట్లో తేల్చింది ఇదీ. తెల్లవారి చిన్నాన్న మళ్ళీ మేదినీపూర్ వెళ్ళాలి. "నల్లగుంటే నల్లగుండనీ, ఆడు మాత్రం ఊరెల్లకూడదు" అంది నాన్నమ్మ. కారు జోలికి ఇక తను రానంది. శుక్రవారం బొట్టు పెట్టే పని నాది... పొడి గుడ్డతో తుడిచి, పొడి కుంకుమ, స్టీరింగు మీద ఒక్కటంటే ఒక్కటే.