రేపల్లె మాస్టారి కారుకి గేర్లు వేసిన ఏడాది

మొన్న షెడ్డు రేకులు మార్పిస్తుంటే గోడవారన పాత సామాను కింద పెద్ద పళ్లెమంత ఇనుప పలక ఒకటి బయటపడింది. అంచు చుట్టూ కన్నాలు, నడుమ పెద్ద గుండ్రం. ఇదేంటి నాన్నా అని మా అమ్మాయి అడిగింది. నా ఈడువాళ్లకైతే రెండు మాటల్లో చెప్పేవాణ్ణి, తనకి మాత్రం క్లచ్చి అంటే ఏమిటో అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అవి రెండువేలు దాటిన తొలి ఏళ్లు. తెనాలిలో మా మేనమామ షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఇంట్లో అలవాటుకొద్దీ అందరి ముందూ ఆయన్ని మామూ అనే పిలిచేవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ పైన అబ్బిన చదువంతా గ్రంథాలయంలోదే. సాయంత్రం చేతులు కిరసనాయిలుతో కడిగి, సబ్బుతో రుద్ది, వాసన పోయిందో లేదో చూసుకుని మరీ వెళ్లి కూర్చునేవాణ్ణి. అక్కడున్న అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు మోటారు పుస్తకాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

ఆ రోజుల్లో ఒక అమెరికా కారుని ట్రాక్టరుకి కట్టి రేపల్లె నుంచి వేమూరు మీదుగా మా షెడ్డుకి లాక్కొచ్చారు. పడవంత పొడుగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఎడమవైపు స్టీరింగు. పూర్వం మిషన్ ఆసుపత్రి దొర ఒకాయన స్వదేశం వెళ్లిపోతూ దాన్ని తన డ్రైవరుకి ఇచ్చి వెళ్లాడట. ఆ డ్రైవరు అల్లుడే రేపల్లెలో రిటైరైన మాస్టారు. ఇంజను గుండ్రాయిలా ఉంది, పాడైందల్లా గేర్ బాక్సు. గేర్లు తనంతట తనే మార్చుకునే రకం కావడంతో దానికి సామాను ఎక్కడా దొరకలేదు. క్రిస్మస్ నాటికి కదలకపోతే పాత ఇనుముకి వేసేస్తానని మాస్టారి కొడుకు గడువు పెట్టాడు. మాస్టారి భార్య, మేము అమ్మగారనేవాళ్లం, తండ్రి నడిపిన ఆ కారులోనే పండక్కి బాపట్లలో అక్కగారింటికి వెళ్లాలని పట్టుబట్టింది. వేరే బండి గేర్ బాక్సు తెచ్చి, క్లచ్చి పెట్టి, చేత్తో గేర్లు మార్చుకునేలా చేయవచ్చని పుస్తకం చూసి చెప్పింది నేను, నన్ను నమ్మి ఒప్పుకున్నది మామూ.

విజయవాడ వెళ్లి ఒక పాత లారీ గేర్ బాక్సు తెచ్చాం. ఇంజను కన్నాలూ దాని కన్నాలూ కలవవు కనుక రెంటి మధ్యా ఇనుప పలక ఒకటి వేయాలి. రెండు ఇనుప భాగాల మధ్య ఆయిలు కారకుండా పెట్టే ప్యాకింగులన్నీ మామూ పెళ్లి శుభలేఖలతోనే కోసేవాడు. మందపాటి కార్డుని భాగం మీద ఆనించి సుత్తితో మెల్లగా తడితే అంచులూ కన్నాలూ అచ్చు పడేవి. మా పేటలో ఎవరింట్లో పెళ్లయినా మిగిలిన కార్డులు మా షెడ్డుకే వచ్చేవి. ఈ పలకకీ అలాగే నాలుగు శుభలేఖలు మైదా జిగురుతో అతికించి అచ్చు తీశాం. వానాకాలం కదా, తడిసిన కాగితం ఆరేటప్పటికి ఎటో ఒకవైపు లాగింది. కంటికి తెలియనంత తేడా. ఆ అచ్చు ప్రకారం లేతు మిషను మీద చేయించిన పలక బిగించి స్టార్టు చేస్తే షెడ్డంతా వణికింది, గేరు పడనే లేదు. మొన్న దొరికింది ఆ మొదటి పలకే.

ఇంజను ఇరుసూ గేర్ బాక్సు ఇరుసూ ఒకే గీత మీద ఉండాలని పుస్తకంలో ఉంది. అది కొలవడానికి అందులో చెప్పిన పరికరం తెనాలిలో మాకు దొరకలేదు. మామూ ఇంజను ఇరుసు చివర ఒక సైకిలు ఊచ బిగించాడు. కొత్త పలకని ఇంజనుకి తగిలించి, ఇరుసుని చేత్తో తిప్పితే, నడుమ కన్నంలోంచి వంగి వచ్చిన ఊచ మొన పలక మీద అసలైన వలయం గీసింది. గేర్ బాక్సు ఇరుసు ఆ వలయం నడుమకే వచ్చేలా కన్నాలు వేయించిన ఈ రెండో పలకతో బండి వెన్నలా నడిచింది.

పండగ ఎల్లుండనగా మామూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రేపల్లె తోలుకొచ్చాడు. వీధివాళ్లంతా చుట్టూ చేరారు. మాస్టారు దర్జాగా స్టీరింగు ముందు కూర్చున్నారు. కారు ఒక్క గంతు వేసి ఆగిపోయింది. మళ్లీ గంతు, మళ్లీ ఆగడం.

“ఏంటి మాస్టారూ, క్లచ్చి వదిలేస్తున్నారేంటండి?” అన్నాడు మామూ.

“మా మామగారు నేర్పినప్పుడు ఇక్కడ కాళ్ల దగ్గర రెండే ఉన్నాయండి. ఈ మూడోది ఎందుకో నాకేం తెలుసు?”

పెళ్లయిన కొత్తలో ఆ ఒక్క కారు మీదే నేర్చుకున్న మనిషి, గేర్లున్న బండి జన్మలో ముట్టుకోలేదు. మామూ నా వైపు తిరిగి, “ఇన్ని పుస్తకాలు చదివావు, తోలేవాడికి గేర్లు వేయడం వచ్చో రాదో కనుక్కోమని ఒక్కదాన్లోనూ లేదేంట్రా?” అన్నాడు. అరుగు మీదున్న మాస్టారి కొడుకు, అయితే ఇనుము వాడికి కబురు చేస్తానన్నాడు.

అప్పుడు అమ్మగారు చీర కుచ్చిళ్లు సర్దుకుని వచ్చి పక్కన కూర్చుంది. చిన్నప్పుడు తండ్రి ఆసుపత్రి వ్యాను తోలుతుంటే పక్కన కూర్చుని గేరు కర్ర తనే జరిపేదట. కర్ర మీద చెయ్యేసి, “తొక్కండి” అంది. మాస్టారు తొక్కారు. గేరు వేసింది. “ఇప్పుడు మెల్లగా వదలండి. మెల్లగా అంటే మెల్లగానండీ, పిల్లల్ని బెంచీ ఎక్కించినట్టు కాదు.”

కారు కదిలింది. మర్నాడంతా కాలవగట్టు మీద ఆ జంట చేసిన సాధన, పోట్లాట ఊరంతా చూసింది. పండగనాడు చెరుకుపల్లి మీదుగా బాపట్ల దాకా ఆయన క్లచ్చి తొక్కుతూ, ఆవిడ గేరు మారుస్తూ వెళ్లారు. వెనక సీట్లో నేనూ మామూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఆ తరవాత మాస్టారు ఒక్కరే తోలడం నేర్చుకున్నారేమో అనుకున్నాను గాని, లేదట. ఆయనకి ఆ అవసరం తోచలేదట.

ఇప్పటి బళ్లు మంచివే, కాదనను. తేడా వస్తే కంప్యూటరు పెట్టి చూస్తాం, పాడైన భాగం తీసి కొత్తది వేస్తాం, సాయంత్రానికి తాళం చేతికిస్తాం. నా దగ్గరికి వచ్చే జంటల్ని మాత్రం ఆ రెండు సీట్లలో చూస్తూ ఉంటాను. తోలేవాళ్లు తోలుకుంటారు. పక్కన కూర్చున్నవాళ్లకి ఫోను చూసుకోవడం తప్ప పనేమీ లేకుండా పోయింది.