పక్కింటి పొయ్యి నిప్పులు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో పక్కింటి అక్క జడ వేస్తేనే బడికి వెళ్లేదాన్ని. అమ్మ వేస్తే వదులవుతుందని నా మొండితనం. అక్క వాళ్లది గుంటూరు వైపు, భర్త గని ఆఫీసులో గుమాస్తా. మా నాన్న గనిలో దిగేవాడు. రెండు క్వార్టర్లకూ నడుమ ఒకటే గోడ.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మా వీధి దాకా వచ్చింది. నిజాం పాలన పోయి ఏళ్లు గడిచినా ముల్కీలకు, అంటే ఇక్కడి వాళ్లకు, కొలువులు దక్కడం లేదని అందరికీ కడుపుమంట. జులూస్‌లో ముందు నడిచింది మా నాయనమ్మే. ఆమె గొంతెత్తితే మైకు అక్కర్లేదు. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఆ సాయంత్రమే ఎవరో అక్క వాళ్ల గోడ మీద బొగ్గుతో 'వెళ్లిపోండి' అని రాసి పోయారు. భర్త స్టేషనుకు రిక్షా మాట్లాడటానికి వెళ్తే, అక్క తలుపు మూసుకుని సామాను సర్దుతోంది. కిటికీలోంచి చూసి, ఏడుస్తూ వెళ్లి నాయనమ్మకు చెప్పాను.

ఆమె వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లింది. సగం ఉడికిన అన్నం దించి, మండుతున్న బొగ్గుల పొయ్యిలో చెంబెడు నీళ్లు గుమ్మరించింది. నేను నోరు వెళ్లబెట్టాను. పొయ్యి ఆరితే పక్కింట్లో నిప్పులు అడగడం మా కాలనీలో మామూలే. బొగ్గు ఓ పట్టాన అంటుకోదు కదా. నాయనమ్మ ఇనుప గరిటె పట్టుకుని వెళ్లి అక్క వాళ్ల తలుపు కొట్టింది.

"మా పొయ్యి సల్లారింది బిడ్డా. రెండు నిప్పులియ్యి."

"నేనింకా వెలిగించలేదు మామ్మగారూ. మేం ఊరెళ్లిపోతున్నాం."

"ముట్టియ్యి. పిల్ల ఆకలితోటి ఉన్నది. నేనీడనే కూసుంట."

నా ఆకలి మాట విన్నాక అక్క కాదనలేకపోయింది. కిరసనాయిలు పోసి వెలిగించి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది. కన్నీళ్లు ఆగడం లేదు. "పొద్దున జులూస్‌లో అరిచింది మీరే కదండీ" అంది.

"అరిసిన. రేపు గూడ అరుస్త. మా కొలువులు మాకు గావాలె అన్న. నిన్ను పొమ్మన్ననా?"

బొగ్గు ఎర్రబడేసరికి బండి వేళ దాటిపోయింది. రిక్షాతో వచ్చిన భర్త అక్క ముఖం చూసి రిక్షాను వెనక్కి పంపేశాడు. మా అన్నం ఆ పొయ్యి మీదే ఉడికింది. అందరం అక్కడే తిన్నాం. మర్నాడు నాయనమ్మ గోడ మీది రాతను తడిగుడ్డతో తుడిచి, మళ్లీ జులూస్‌కు వెళ్లింది.

భర్త రిటైరయ్యాక అక్క వాళ్లు సొంతూరు వెళ్లిపోయారు. తర్వాత జాడ తెలియలేదు. మా ఆయనదీ గని కొలువే కావడంతో నా కాపురం ఆ వీధిలోనే సాగింది. హక్కయినదాన్ని గట్టిగా అడగాలనీ, అడుగుతూనే పక్కవాళ్లను తలుపు మూసుకోనివ్వకూడదనీ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు నేనూ గులాల్ పూసుకుని గొంతు పోయేదాకా అరిచాను. అక్క కనబడితే బాగుండునని మనసు కొట్టుకుంది. ఇప్పటికీ కొట్టుకుంటుంది. మిఠాయి డబ్బా తెరవగానే కాళ్లు పక్కింటి వైపే నడిచాయి. అక్కడ బీహారు నుంచి పనికొచ్చిన కుటుంబం ఉంటోంది. ఈ గోల చూసి తలుపు ఓరగా వేసుకుని నిలబడ్డారు. అక్క కోసమనుకున్న లడ్డూ ఆ ఇల్లాలి నోట్లో పెట్టాను.